గోడలోని ఇటుకలు, అట్టమీది పేర్లు

పాటను గురించి మనం రాసే విమర్శలో ఒక పెద్ద లోటు ఉన్నది. పాట అంటే మనకు సాహిత్యం, లేదా గొంతు. రాసిన కవిని విశ్లేషిస్తాం, పాడినవారిని పొగుడుతాం, కొంచెం ఉదారంగా ఉన్న రోజున బాణీ కట్టినవారిని ఒక వాక్యంలో తలుచుకుంటాం. వాయించినవారెవరు? యంత్రం ముందు కూర్చుని ఆ ధ్వనులను కూర్చినవారెవరు? శ్రమను గురించి ఇంతగా మాట్లాడే మనకు ఈ ప్రశ్న ఎందుకు తోచలేదు? ఈ లోటుకు నేను మినహాయింపు కాను. చాలా ఏళ్లు అలాగే రాశాను.

ఈ మాట ఒక సాహిత్యగోష్ఠిలో అంటే, నేను గౌరవించే మిత్రులొకరు నవ్వి, ‘కృతిని చూడాలి గాని కూలీల మస్టరు విమర్శకెందుకండీ?’ అన్నారు. ఆయనకు అక్కడ సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానమే.

నేను చిలకలపూడివాణ్ణి. మా ఊళ్లో పాండురంగని గుడి ఎంత ప్రసిద్ధమో రోల్డుగోల్డు నగ అంత ప్రసిద్ధం. ఒక గొలుసు తయారుకావాలంటే అచ్చు కొట్టేవారు వేరు, అతుకులు పెట్టేవారు వేరు, మెరుగు పెట్టేవారు వేరు, పూత వేసేవారు వేరు. కొనుక్కున్నావిడ మాత్రం కొట్టు పేరే చెబుతుంది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకు మరో పేరు ఎవరూ చెప్పలేదు. 1980లలో బందరులో చదువుకునే రోజుల్లో నా చేతికి వచ్చిన ఒక క్యాసెట్టు కూడా అలాంటిదే. ఎవరో రికార్డునుంచి ఎక్కించి ఇచ్చిన ఆ క్యాసెట్టు మీద బాల్‌పెన్నుతో ‘పింక్ ఫ్లాయిడ్ - వాల్’ అని తప్ప ఒక్క అక్షరం లేదు. అందులోని సంగీతమంతా నలుగురే వాయించారని నేను చాలాకాలం నమ్మాను.

‘ది వాల్’ 1979 నవంబరు 30న బ్రిటనులో విడుదలైన జంట రికార్డు. రెండు పళ్లాలు, నాలుగు పక్కలు, 26 పాటలు, సుమారు 80 నిమిషాలు. రోజర్ వాటర్స్ రూపకల్పన. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న ఒక కుర్రవాడు, క్రూరులైన పంతుళ్లు, ఊపిరాడనివ్వని తల్లి, కీర్తి, ఒంటరితనం, వీటన్నిటినీ ఇటుకలుగా పేర్చి తన చుట్టూ గోడ కట్టుకున్న గాయకుని కథ. దీన్ని బూర్జువా వ్యక్తివాదపు నిట్టూర్పుగా తీసిపారేసినవారున్నారు. ఆ మాటలో సగం నిజం ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. మూడవ పక్కకు వచ్చేసరికి కథానాయకుని ఆత్మజాలి విసుగు పుట్టిస్తుంది. కాని విసుగు పుట్టించే చోట కూడా చెవి లేచి వెళ్లిపోదు. ఎందుకు? అక్కడ పనిచేస్తున్నది వాటర్స్ ఒక్కడే కాదు కనుక.

మొదటి పాటనే తీసుకుందాం. అందులో పెద్దగా ఉబికి వచ్చే హేమండ్ ఆర్గాన్ ఆ బృందపు కీబోర్డు విద్వాంసుడు రిచర్డ్ రైట్‌ది కాదు. అది కూలికి వచ్చిన ఫ్రెడ్ మాండెల్ వాయించినది. ‘మదర్’ అనే పాటలో తాళం నిలకడగా ఉండదు. అయిదు మాత్రల ఆవృత్తం, తొమ్మిది మాత్రల ఆవృత్తం నాలుగు మాత్రల నడకలోకి చొచ్చుకు వస్తూ ఉంటాయి. (ఖండగతికి అలవాటుపడిన మన చెవికి ఇది వింతగా తోచదు, రాక్ సంగీతానికి వింతే.) బృందపు డ్రమ్ముల విద్వాంసుడు నిక్ మేసన్‌కు అది కుదరలేదు. లాస్ ఏంజలెస్‌లో ఇతరుల రికార్డింగులకు వాయించి బతికే జెఫ్ పోర్కారోను పిలిపించారు. తల్లి మాటకు లొంగలేక, కాదనలేక తడబడే పిల్లవాని మనసు ఆ తాళంలో ఉన్నది. అంటే పాటలోని వస్తువు పోర్కారో చేతిలో రూపం పొందింది. మరొక చోట నైలాను తీగల గిటారు ఒకటి ఒంటరిగా మోగుతుంది. అది జో డిబ్లాసి వాయించినది. ఆయన పేరు కొన్నిచోట్ల ‘రాన్’ అని తప్పుగా అచ్చయింది. వాద్యబృంద రచన మైకేల్ కేమన్‌ది.

ఇక యంత్రశాల సంగతి. ఇంజనీరు జేమ్స్ గత్రీ చేసిన పని ఒకటి చెప్పి తీరాలి. టేపును నెలల తరబడి యంత్రం మీద తిప్పితే పైపూత అరిగి, డ్రమ్ముల పదును పోతుంది. అందుకని డ్రమ్ములను, బేస్ గిటారును 16 ట్రాకుల టేపు మీద ఎక్కించి దాచిపెట్టారు. వాటి ముతక నకలును 24 ట్రాకుల టేపుకు ఎక్కించి, తక్కిన వాద్యాలన్నీ దానిమీద చేర్చుకుంటూ పోయారు. చివర రెండు యంత్రాలనూ జోడించి నడిపి, అసలు డ్రమ్ములను తాజాగా తెచ్చి కలిపారు. ఇప్పటి కంప్యూటరు కుర్రవాళ్లకు ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని ఆ రికార్డులో దెబ్బ దెబ్బగా వినిపించడానికి కారణం ఈ ఓపిక. ఏ సమీక్షలోనైనా ‘శక్తిమంతమైన లయ’ అని రాసి ఉంటే, ఆ విశేషణంలో కొంత భాగం గత్రీకి చెందుతుంది.

పిల్లల సంగతి ప్రత్యేకం. బడిపంతుళ్ల మీద తిరగబడే ఆ ప్రసిద్ధగీతానికి మొదట ఒకే చరణం ఉండేది. నిర్మాతలలో ఒకడైన బాబ్ ఎజ్రిన్‌కు పాట చాలదనిపించి, అదే చరణాన్ని పిల్లలచేత పాడించాలని తోచింది. అప్పటికి బృందం లాస్ ఏంజలెస్‌లో ఉన్నది. బ్రిటిషు ఆదాయపు పన్ను తప్పించుకునేందుకు వారు ఆ ఏడు స్వదేశం వెలుపల గడుపుతున్నారు. టేపు లండనుకు పంపారు. అక్కడి బ్రిటానియా రో స్టూడియోలో నిక్ గ్రిఫిత్స్ అనే ఇంజనీరు దగ్గర్లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలుకు వెళ్లి సంగీతం మాస్టారిని అడిగి, 23 మంది పిల్లలను తెచ్చి పాడించాడు. వారి గొంతులను ఒకదానిమీద ఒకటి పేర్చితే పెద్ద గుంపు పాడినట్టయింది. స్కూలుకు 1,000 పౌన్లు ముట్టాయి. పిల్లలకు కూలి లేదు. పాట బ్రిటనులోనూ అమెరికాలోనూ అగ్రస్థానానికి వెళ్లింది. 1980లో దక్షిణాఫ్రికాలో బడులు బహిష్కరించిన విద్యార్థులు దాన్ని తమ పాటగా చేసుకున్నందుకు అక్కడి జాత్యహంకార ప్రభుత్వం నిషేధించింది. 1996లో బ్రిటను చట్టం మారి, ఇలా వచ్చి పాడి పోయినవారికి కూడా ప్రసారాల రాబడిలో వాటా అడిగే హక్కు వచ్చింది. ఆ పిల్లలు పెద్దవారై 2004లో ఆ వాటా కోసం దావాకు దిగారు.

ఆ మధ్య కొందరు విద్యార్థులకు ఈ పాట వినిపించాను. సామ్రాజ్యవాద విద్యావిధానం, యంత్రీకరణ అంటూ నేను ఏవో చెబుతూ ఉండగా ఒక కుర్రవాడు, ‘ఆ పిల్లలకెంతిచ్చారు సార్?’ అని అడిగాడు. నా ఉపన్యాసమంతటికన్నా ఆ ప్రశ్న మంచి విమర్శ. వాటర్స్ రాసిన చరణాన్ని వాటర్స్, గిల్మర్ పాడినప్పుడు అది పెద్దవాళ్ల జ్ఞాపకం. అదే చరణం లండను పేటల యాసలో పిల్లల నోట వచ్చినప్పుడు తిరుగుబాటు. కాగితం మీద అక్షరం మారలేదు, అర్థం మారింది. దక్షిణాఫ్రికా పిల్లలు అందుకున్నది ఈ రెండవ అర్థాన్నే. కనుక కృతి వేరు, మస్టరు వేరు అన్న మా మిత్రుని విభజన ఇక్కడ నిలవదు. మస్టరు చదవకపోతే కృతి అర్థం కాదు.

రైట్ గతి కూడా చెప్పుకోవాలి. రికార్డింగు సాగుతుండగానే వాటర్స్ అతణ్ణి బృందంనుంచి వెళ్లగొట్టాడు. మొదటి ముద్రణల అట్టమీద అతని పేరు లేదు. తరువాత 1980, 81ల ప్రదర్శనలలో అతడే జీతానికి వాయించాడు. ఆ ప్రదర్శనలు నష్టపడితే భాగస్వాములు ముగ్గురూ మునిగారు. జీతగాడికి జీతం ముట్టింది. మనుషుల మధ్య గోడలను దుఃఖించే రికార్డుకు యజమానికీ కూలివాడికీ మధ్య కట్టిన గోడ కనబడలేదు. ఈ కృతిలోని ప్రధాన వైరుధ్యం ఇదేనని నా అభిప్రాయం.

హేమండ్ ఆర్గాన్ అనగానే ఇంత దూరం వెళ్లనక్కర లేదనిపిస్తుంది. మద్రాసు విజయా-వాహినీలో ఆ వాద్యాన్ని వాయించి తెలుగు సినిమాకు పరిచయం చేసినవారు మా బందరువారే, మాస్టర్ వేణు. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’కి సంగీతం ఆయనది. ఆ చిత్రంలోని ఏరువాక పాటమీద మనవాళ్లు ఎన్ని వ్యాసాలు రాశారు! కొసరాజు పలుకుబడిని మెచ్చుకున్నాం, భూమి సమస్యను చర్చించాం, వహీదా రెహమాన్ నాట్యాన్ని తలుచుకున్నాం. 1960లో ఎస్.డి. బర్మన్ ఆ బాణీని ‘బంబయి కా బాబూ’లో వాడుకున్నారు. సాహిత్యం మన సరిహద్దు దాటలేదు, దాటింది వేణుగారి పని. ఆయన గురించి మన పత్రికలు రాసినదెంత? ఆ బాణీకి చప్పుడు ఇచ్చిన డోలుకు, తాళానికి మనం కేటాయించిన వాక్యాలెన్ని?

ఆ రోజుల మద్రాసు రికార్డింగులో 24 ట్రాకుల వసతి లేదు. గాయకుడు, వాద్యబృందం ఒకే గదిలో ఒకేసారి. చివరి చరణంలో ఒక వయొలిన్ కమాను జారితే మళ్లీ మొదటినుంచి టేకు. గాయకుడు ఎంత బాగా పాడి ఉన్నా ఆ టేకు పోయినట్టే. కాల్షీటు లెక్కన డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లే ఆ వయొలిన్ విద్వాంసుని మీద పాటంతా ఆధారపడి ఉండేది. ఇంత సమష్టితనం ఉన్న కళలో ఇంత తక్కువమంది పేర్లు మిగలడం యాదృచ్ఛికం కాదు, పెట్టుబడి అమ్ముకునేది ముఖాన్ని కనుక.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల ఈ సంగతి ఎరిగినవారే. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చి, మద్రాసులో మొదట బృందగానాలలో గొంతు కలిపి బతికారు. ఆయన చివరి పెద్ద పని భగవద్గీత రికార్డు. ఆరోగ్యం చెడిన దశలో పాడారు, 1974 ఫిబ్రవరి 11న పోయారు, రికార్డు ఆ తరువాత విడుదలైంది. దాని తాత్త్వికతతో నాకు పేచీ ఉన్నది. ఇప్పుడది మా వీధిలో వినబడితే ఎవరు పోయారో అని తలుపు తీసి చూసే పరిస్థితి కూడా వచ్చింది. కాని శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య వాద్యాలు ఎంత పొదుపుగా పలుకుతాయో వినండి. అలిసిన గొంతుకు అవి ఊపిరి తీసుకునే చోటు ఇస్తున్నాయి. ఘంటసాలవారి గురువు సీతారామశాస్త్రిగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారు ఆయనకు ఏళ్ల తరబడి సహాయకులు. వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చినదీ ఆయనే. నూరేళ్లు నిండాక 2021లో మద్రాసులో కన్నుమూశారు. కూచిపూడి మా చిలకలపూడికి ఎంతో దూరం లేదు. అక్కడి నాట్యం మీద వచ్చిన వ్యాసాల కట్ట ఒకటి నా దగ్గర ఉన్నది. సంగీతరావుగారి పేరు కోసం దాన్ని మొన్న మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. రెండుచోట్ల కనబడింది. అందులో నేను రాసిన వ్యాసాలు నాలుగున్నాయి, ఆ రెండూ వాటిలోవి కావు.