పిలుపు విన్నాక మనసును పరీక్షించుకునే పద్ధతి

సువార్త సభల చివరి రాత్రి ఎలా ఉంటుందో మన క్రైస్తవ కుటుంబాల్లో అందరికీ తెలుసు. పాట మెల్లగా సాగుతుంటుంది. సేవకు సమర్పించుకునేవాళ్లు ముందుకు రావాలని దైవజనులు పిలుస్తారు. యువతీయువకులు కన్నీళ్లతో లేచి వెళ్తారు. ఆ కన్నీళ్లు నిజమైనవే, వాటిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే నెల తిరిగేసరికి పరీక్షలు, ఉద్యోగం, ఇంటి అప్పు, పెళ్లి మాటలు ముందుకొస్తాయి. అప్పుడు ఆ నిర్ణయాన్ని ఎలా నిలుపుకోవాలి? అసలు అది దేవుని పిలుపేనా అని ఎలా తేల్చుకోవాలి? ఇది ఓపికగా నేర్పేవాళ్లు తక్కువ. ఈ పనికోసమే ఐదు వందల ఏళ్ల కిందట కతోలిక శ్రీసభలో ఒక సాధన రూపుదిద్దుకుంది. ఏ సంఘం విశ్వాసి అయినా దాన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉందని నా నమ్మకం.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో కులీన కుటుంబంలో పుట్టిన ఇగ్నేషియస్ లొయోలా కత్తి పట్టి పేరు తెచ్చుకోవాలనుకున్న మనిషి. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల పేరులో ఉన్నది ఆయనే. 1521 మే నెలలో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. కోలుకుంటూ ఇంట్లో మంచంమీద కాలక్షేపానికి వీరగాథలు అడిగితే, ఆ ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల కథలు. రెండు రకాల ఊహలు ఆయన్ని గంటల తరబడి లాక్కెళ్లేవి. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాలు ఒకటి, పునీతుల్లా చెప్పుల్లేకుండా జెరూసలేం వెళ్లడం మరొకటి. ఊహిస్తున్నంతసేపూ రెండూ తీయగానే ఉండేవి. తర్వాత మాత్రం మొదటిది మనసును ఎండిపోయేలా చేసి పోయేది. రెండోది వెళ్లిపోయాక కూడా సంతోషం నిలిచేది. ఈ తేడాను పట్టుకోవడంతోనే ఆయన పద్ధతి మొదలైంది. 1522లో మాన్రేసాలో ప్రార్థనలో గడుపుతూ రాసుకున్న విషయాలు పెరిగి ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే చిన్న పుస్తకమయ్యాయి. దానికి 1548లో మూడో పౌల్ పోపు ఆమోదం లభించింది.

అది కూర్చుని చదువుకునే పుస్తకం కాదు, చేయవలసిన పుస్తకం. దాదాపు ముప్పై రోజుల మౌన వడకంలో, అంటే పనులన్నీ పక్కనపెట్టి ఏకాంతంగా ప్రార్థనలో గడిపే రోజుల్లో, ఒక మార్గదర్శి తోడుగా, రోజుకు నాలుగైదు గంటలు ధ్యానం చేస్తారు. తన పాపం, క్రీస్తు జీవితం, ఆయన శ్రమలు, పునరుత్థానం వరుసగా సాగుతాయి. ఈ మధ్యలో వచ్చే ఒక ధ్యానం దగ్గర ఆగాలి. పూర్ణహృదయం అంటే ఏమిటో ఇంత సూటిగా చూపించిన పాఠం నాకు మరొకటి కనబడలేదు.

మూడు రకాల మనుషులను ఊహించుకోమంటారు ఇగ్నేషియస్. ప్రతివారి దగ్గరా పదివేల బంగారు నాణేలున్నాయి. కేవలం దేవుని ప్రేమ కోసం సంపాదించినవి కావు. ఆ డబ్బుమీది మమకారం తమను కట్టేస్తోందని ముగ్గురికీ తెలుసు, వదిలించుకోవాలనీ ఉంది. మొదటివాడు ఆ పని రేపటికి వాయిదా వేస్తూ వేస్తూ చచ్చిపోతాడు. రెండోవాడు మమకారం పోవాలంటాడు, డబ్బు మాత్రం ఉండాలంటాడు. అంటే తానున్న చోటికే దేవుడు రావాలి. మూడోవాడు ఉంచుకోవాలనీ పట్టుబట్టడు, వదిలేయాలనీ పట్టుబట్టడు. దేవుడు ఏది కోరితే అది.

మనలో ఎక్కువమంది రెండోవాళ్లం. వీసా సంగతి ముందే తేల్చుకుని, ఆ తర్వాత దేవుని చిత్తం కోసం మోకరిస్తాం. ప్రార్థన సంతకం కోసం పెట్టిన కాగితంలా మారిపోతుంది. దానికి ఇగ్నేషియస్ చెప్పిన చికిత్స కఠినమైనదే. నువ్వు దేన్ని వదులుకోలేకపోతున్నావో దాన్ని వదలడం దేవునికి మహిమ అయితే, ఆ దారికే నన్ను ఎన్నుకొమ్మని ఆయన్ని బతిమాలుకో అంటారు. మనసు ఒప్పుకోకపోయినా సరే. అలా అడగగా అడగగా పట్టు సడలుతుంది.

అప్పుడే ఎంపిక. ఈ దారిలో మేలేమిటి, కీడేమిటి, ఆ దారిలో ఏమిటి అని విడివిడిగా తూచుకోవాలి. ముక్కూమొహం తెలియని మనిషి ఇదే చిక్కుతో వస్తే ఏ సలహా ఇస్తావో నువ్వూ అదే చెయ్యి. చావుమంచం మీద ఉండి చూస్తే ఏది ఎంచుకుని ఉండాల్సిందని అనిపిస్తుందో ఆలోచించు. తేలిన నిర్ణయాన్ని తిరిగి ప్రార్థనలో దేవుని ముందు పెట్టు.

ఉద్వేగం గురించి ఆయన చెప్పిన జాగ్రత్తలు మన సభలకు చాలా అవసరం. ఆనందం పొంగుతున్న సమయంలో తొందరపడి మొక్కులు చేయనివ్వొద్దని మార్గదర్శిని హెచ్చరిస్తారు. మనసు ఎండిపోయి, దేవుడు దూరమైనట్టున్నప్పుడు ఇంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దంటారు. గంటసేపు ప్రార్థన భారంగా ఉంటే, గంట దాటి ఇంకొంచెం కూర్చోమంటారు.

ఇలా సిద్ధపడ్డ మనసు ఏం చేయగలదో ఇగ్నేషియస్ సహచరుడు ఫ్రాన్సిస్ జేవియర్‌ను చూస్తే తెలుస్తుంది. పారిస్‌లో చదువుకుంటూ గొప్ప పదవులు ఆశించిన ఆయన ఇగ్నేషియస్ మాటకు అంత త్వరగా లొంగలేదు. 1534లో ఈ సాధనలు చేశారు. 1540లో పోర్చుగల్ రాజు కోరికపై భారతదేశానికి పంపడానికి ఎంచుకున్నవారిలో ఆయన పేరు లేదు. బోబదీలియా అనే మరో సహచరుడు జబ్బుపడటంతో, చివరి ఘడియలో ఇగ్నేషియస్ జేవియర్‌ను అడిగారు. బట్టలు సర్దుకుని బయల్దేరారు. 1542 మే 6న గోవాలో దిగారు.

అయితే ఈ సాధనలో మార్గదర్శికి పెట్టిన హద్దు ఒకటుంది. వడకంలో ఉన్నవారిని గురుత్వం (యాజక సేవ) వైపో, మఠం వైపో, మరే వైపో నెట్టకూడదు. సృష్టికర్తే ఆ ఆత్మతో నేరుగా వ్యవహరించాలి. బిడ్డ పుట్టకముందే సేవకు మొక్కుకున్న తల్లిదండ్రులు, పేర్లు రాసుకుని వెళ్లే పెద్దలు ఈ నియమాన్ని శ్రద్ధగా చదవాలి. ఇక ముప్పై రోజుల సెలవు దొరకని నర్సుకో, టీచరుకో కూడా ఆ పుస్తకంలోనే దారి ఉంది. రోజుకు గంటన్నర కేటాయించి, ఇంట్లోనే ఉంటూ, ఉద్యోగం మానకుండా, మార్గదర్శిని కలుస్తూ అవే ధ్యానాలను నెలల తరబడి చేసుకుపోవచ్చు.