పాత స్థలాకృతి పటాలలో గోదావరి తీరం

ఆసిఫాబాదు ప్రక్కగా పారే పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతుంది. కనుక ఈ అడవుల మట్టిలో కొంత, వందల మైళ్లు ప్రయాణించి కాకినాడ సమీపాన సముద్రతీరాన్ని పెంచుతూ వచ్చినది. భారత సర్వే శాఖవారి పటాలలో ఆసిఫాబాదు 56 ఎం చదరంలోను, కాకినాడ 65 ఎల్ చదరంలోను వస్తాయి. మైలుకు అంగుళం కొలమానంతో తయారైన పాత పటాలను రెండు చదరాల నుండి తీసి ప్రక్కప్రక్కన పరచినచో, మొదటిది చెప్పినంత స్పష్టంగా రెండవది చెప్పదు.

దీనికి కారణం సమోన్నత రేఖలు. ఈ పటాలలో వాటిని సాధారణంగా 50 అడుగుల అంతరంతో గీచారు. ఆసిఫాబాదు గుట్టలకు అది చక్కగా సరిపోయినది. రేఖలు దగ్గరపడితే ఏటవాలు, ఎడమైతే చదునునేల, బడిపిల్లవాడైనా చదువుకొనగలడు. కాని గోదావరి డెల్టాలో అధికభాగం 50 అడుగుల రేఖకు దిగువనే ఉన్నది. అక్కడ ఒక గజం ఎత్తు తేడాతో ఒక ఊరు మునిగి, మరొక ఊరు నిలుస్తుంది. ఆ గజం పటంలో లేదు! అక్కడక్కడ వేసిన ఎత్తుల అంకెలే దిక్కు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ధ్వంసం చేసిన తీరానికి ఇది చిన్న లోపం కాదు.

ఎత్తును చెప్పలేకపోయినా, తక్కినవాటిని ఈ పటాలు శ్రద్ధగానే చూపాయి. మడ అడవులు, ఉప్పుటేర్లు, బురదనేలలు, తాటితోపులు, ధవళేశ్వరం ఆనకట్ట నుండి చీలిన కాలువలు, ఇవన్నీ చూపిన ఓపికను మెచ్చుకొనక తప్పదు.

చిక్కంతా తీరరేఖతోనే. కదిలే ఇసుకను పటం చెరగని గీతగా చూపుతుంది. కాకినాడ అఖాతానికి అడ్డుగా హోప్ దీవి అనే ఇసుకదిబ్బ ఉత్తరదిశగా పెరుగుతూ వచ్చినది. దానికి ఎగువన ఉప్పాడ వద్ద సముద్రం భూమిని కోస్తున్నది. నదులపై కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం వల్ల డెల్టాకు చేరే మట్టి కూడ తగ్గినది. తీరం ఎంత కోతపడినదో తేల్చడానికి పాత పటమే సాక్ష్యమైనప్పుడు తేదీ ముఖ్యం. అంచున సర్వే సంవత్సరం ఒకటి, ముద్రణ సంవత్సరం మరొకటి ఉంటాయి. రెండవదానిని పట్టుకొని లెక్కించినచో కోతవేగం తప్పుగా వస్తుంది. నేటి ఉపగ్రహ చిత్రంతో పాత పటాన్ని సరిపోల్చేటప్పుడు ఆనకట్ట, పాత దీపస్తంభం వంటి స్థిరమైన గుర్తులను ఆధారం చేసుకోవాలి. ఏటిగట్టును, ఇసుకదిబ్బ కొనను కాదు.