ఒకే నరం, రెండు పాఠాలు

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లిలోనో చింతామణిలోనో పీయూసీ సైన్సు ముగించిన అమ్మాయి మెదడు గురించి చదువుతానంటే, డిగ్రీ స్థాయిలో ఆమెకు అందుబాటులో ఉండే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం కింద నడిచే బీఎస్సీ న్యూరోసైన్స్ టెక్నాలజీ. దానికి బెంగళూరు పోవాలి. మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. రెండోది, ఇంటి నుంచి బస్సులో పోయివచ్చే డిగ్రీ కాలేజీలో సీబీజెడ్, అంటే కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. మొదటిదాని పేరులోనే న్యూరోసైన్స్ ఉంది. రెండోదాంట్లో అది జంతు శరీరధర్మశాస్త్రంలో ఒక అధ్యాయం. పేరు చూసి ఎంచుకునేట్టయితే ఇక ఆలోచించే పనే లేదు. కానీ సర్టిఫికెట్ మీద పేరు వేరు, తరగతిలో పాఠం వేరు. పోల్చవలసింది పాఠాన్ని.

మన విమర్శకులు ఇద్దరు కవులను పోల్చేటప్పుడు ఇద్దరూ రాసిన ఒకే ఘట్టాన్ని తీసుకుని చూస్తారు. ఈ రెండు చదువుల్లోనూ అలాంటి ఉమ్మడి ఘట్టం ఒకటుంది: నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుంది?

టెక్నాలజీ పాఠం రోగి చేతి మీద మొదలవుతుంది. అరచేతికి పోయే మీడియన్ నరాన్ని మణికట్టు దగ్గర చిన్న కరెంటుతో ప్రేరేపిస్తారు. బొటనవేలి మొదట్లోని కండ ఎన్ని మిల్లీసెకన్లకు కదిలిందో యంత్రం చూపిస్తుంది. తర్వాత అదే నరాన్ని మోచేతి దగ్గర ప్రేరేపిస్తారు. రెండు చోట్ల మధ్య దూరాన్ని టేపుతో కొలుస్తారు. దూరం 220 మిల్లీమీటర్లు, రెండు సమయాల తేడా 4 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 55 మీటర్లు. ఒక్క చోటే ప్రేరేపిస్తే చాలదా? చాలదు. సంకేతం నరం చివరి నుంచి కండలోకి దాటడానికి పట్టే సమయం కూడా ఆ ఒక్క కొలతలో కలిసిపోతుంది. రెండు కొలతలు తీసుకుని తీసివేస్తే ఆ అదనపు సమయం కొట్టుకుపోయి, నరంలో ప్రయాణించిన సమయం ఒక్కటే మిగులుతుంది. ఇంత తెలివైన తీసివేత సైన్సు పాఠాల్లో అరుదు. పక్కనే ఒక హెచ్చరిక కూడా నేర్పుతారు: చల్లబడ్డ చేతిని అలాగే కొలవకూడదు. చర్మం ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ వేగం సెకనుకు సుమారు రెండు మీటర్లు తగ్గుతుంది. చలికాలం పొద్దున్నే వచ్చిన మనిషికి లేని జబ్బు అంటగట్టే ప్రమాదం అక్కడ ఉంది.

జువాలజీ పాఠం సముద్రంలో మొదలవుతుంది. స్క్విడ్ అనే జలచరం ఒంట్లో అర మిల్లీమీటరు మందం ఉండే నరపోగు ఒకటి ఉంది. దాని మీద ప్రయోగాలు చేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో సంకేతం పుట్టుకకు సమీకరణాలు రాశారు. సోడియం లోపలికి దూసుకురావడం, పొటాషియం బయటికి పోవడం, ఈ రెంటి మధ్య క్షణకాలపు ఆట. 1963లో వారికి నోబెల్ వచ్చింది. అంత లావు పోగులోనూ సంకేతం సెకనుకు ఇరవై పాతిక మీటర్లే పోతుంది. మన చేతిలోని పోగు దానికంటే ఎన్నో రెట్లు సన్నం. అయినా రెట్టింపు వేగం. కారణం మైలిన్ తొడుగు. సంకేతం తొడుగు లేని కణుపు నుంచి కణుపుకు గెంతుతుంది. లావు పెంచకుండా వేగం పెంచుకునే ఉపాయం పరిణామానికి దొరకకపోయి ఉంటే, వెన్నెముక సందులో ఇన్ని నరాలు పట్టేవే కావు.

రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో కొలత ఉంది, అది నిజమైన మనిషిది. చలికి వేగం తగ్గుతుందన్న జాగ్రత్త ఉంది గానీ ఎందుకు తగ్గుతుందన్న విచారణ లేదు. రెండోదాంట్లో ఆ ఎందుకు ఉంది: పొరలోని అయాన్ ద్వారాలు తెరుచుకునే వేగం వేడిమి మీద ఆధారపడుతుంది. కానీ ఆ పాఠం చదివిన విద్యార్థి ఒక్క నరం వేగాన్నీ కొలవకుండానే పట్టా పుచ్చుకుంటాడు. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటాడు. ఒకరికి జవాబు చేతికి వచ్చింది, ప్రశ్న తెలియదు. ఇంకొకరికి ప్రశ్న తెలుసు, జవాబు రాబట్టే చెయ్యి లేదు.

టెక్నాలజీ కోర్సులో సిద్ధాంతమే లేదనడం అన్యాయం. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చెబుతారు. అయితే అది అలైడ్ హెల్త్ కోర్సులన్నింటికీ చెప్పే ఉమ్మడి పాఠం. మెదడు కోసం వచ్చిన విద్యార్థికి మెదడు మీద ప్రత్యేకంగా లోతు పెంచేది కాదు. అసలు బలం తర్వాతి ఏళ్లలో ఉంది. ఈఈజీనే తీసుకోండి. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. ఆ పని నేడు ఈ టెక్నీషియన్ల చేతుల మీదుగా సాగుతోంది. నూనె రాసిన తలతో వస్తే ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోదు. గోడలోని కరెంటు 50 హెర్ట్జ్ అలగా వచ్చి నమోదును పాడుచేస్తుంది. కన్ను ఆర్పినా, పన్ను కొరికినా గీత చెదురుతుంది. ఏది మెదడుది, ఏది కాదు అని తేల్చడంలో మంచి టెక్నీషియన్‌కు ఉండే చూపు పుస్తకం చదివి వచ్చేది కాదు. లోపమల్లా ఒకటే. ఆ చూపుకు గమ్యం డాక్టరుకు అందించే రిపోర్టు. వంద మంది పిల్లల ఈఈజీలు తీసిన మనిషికి ఆ వందలో ఏదో పోలిక కనిపిస్తే దాన్ని ఏం చేయాలో నేర్పే పాఠ్యాంశం బలంగా లేదు.

జువాలజీ పక్షాన ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు కప్ప కాలి కండను, దాని నరాన్ని వేరుచేసి చూపే ప్రయోగం ఉండేది. జంతువులను కోయడాన్ని యూజీసీ దశలవారీగా మాన్పించింది. ఆ నిర్ణయం సరైనదే. కానీ ఖాళీ అయిన ఆ చోటులో పెట్టినది చాలాసార్లు గోడ మీది చార్టు, కంప్యూటర్లో వీడియో. కప్ప పోయినా విద్యార్థి సొంత చెయ్యి ఉంది కదా! అమెరికాలో గ్రెగ్ గేజ్, టిమ్ మార్జులో అనే ఇద్దరు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, స్పైకర్‌బాక్స్ అనే చవక పరికరం తయారుచేశారు. బొద్దింక కాలి నరం సంకేతాన్ని, మన కండ సంకేతాన్ని వినిపించడానికి అంతకు మించిన ఆసుపత్రి సరంజామా అక్కర్లేదు. చిక్కబళ్లాపురంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దాని ఫిజియాలజీ విభాగంతో చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు మాట్లాడుకోకపోవడానికి దూరం కారణం కాదు. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒకటి, సాధారణ విశ్వవిద్యాలయం మరొకటి అన్న పాలనాపరమైన గోడే కారణం.

ఇక న్యూరోసైన్స్ పేరిటే పూర్తి డిగ్రీ ఇచ్చే పద్ధతి ఎక్కడిది? అమెరికాలో ఆమ్‌హర్స్ట్ కాలేజీ 1973లోనే డిగ్రీ విద్యార్థులకు ఈ విభాగం తెరిచింది. అక్కడ అది సైకాలజీ, బయాలజీ, కెమిస్ట్రీలను ఒక్క తాటి మీదికి తెచ్చి, చివరి ఏడాది సొంత పరిశోధన చేసే అవకాశం ఇచ్చే చదువు. దాని ఆదరణకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మనం మరచిపోతుంటాం. అక్కడ వైద్యవిద్య డిగ్రీ తర్వాత మొదలవుతుంది. డాక్టరు కాదలచిన పిల్లలు, వారిలో ప్రవాసాంధ్రుల పిల్లలూ, ముందు నాలుగేళ్లు ఏదో ఒకటి చదవాలి గనుక మెదడు చదువుతారు. ఇక్కడ నీట్ పీయూసీ అయిన వెంటనే వచ్చి నిలబడుతుంది. దాంతో జీవశాస్త్రపు డిగ్రీలన్నీ సీటు రానివాళ్ల చదువుగా ముద్రపడ్డాయి. అమెరికాలో వైద్యానికి మెట్టుగా ఉన్నది మన ఊళ్లో వైద్యం తప్పినవాళ్ల ఓదార్పు అయింది. పేరొక్కటే దిగుమతి చేసుకుంటే ఈ తేడా పోదు.

ఏళ్ల లెక్క కూడా చూడాలి. కర్ణాటక 2021లో నాలుగేళ్ల డిగ్రీ తెచ్చి, 2024లో మళ్లీ మూడేళ్లకు వచ్చింది. ఆ నాలుగో ఏడాదికి పరిశోధన రుచి చూపించే అవకాశం ఉండేది. అది పోయింది. భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో మొదలుపెట్టిన నాలుగేళ్ల డిగ్రీలో ఆ అవకాశం నిండుగా ఉంది. బయాలజీ ముఖ్యాంశంగా తీసుకున్నవారికి అదే ప్రాంగణంలో న్యూరోసైన్స్ కేంద్రం. కానీ అక్కడి సీట్లు కొద్ది, పోటీ దేశమంతటితో.

విచిత్రమేమంటే మెదడు పరిశోధన ఈ తాలూకాలకు దూరంగా లేదు. బాగేపల్లి నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీకేవీకే ప్రాంగణం ముందు నుంచే పోతుంది. ఆ ప్రాంగణంలోనే జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) ఉంది. అక్కడ శాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ పండ్ల ఈగకు వాసన ఎలా తెలుస్తుందో వెతికాడు. ఆ పక్కనే జక్కూరులో సి.ఎన్.ఆర్. రావు స్థాపించిన జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో న్యూరోసైన్స్ విభాగం ఉంది. స్థాపకుడి పేరులోని ‘సి’ అంటే చింతామణి.

ఇంకా దగ్గరికి రండి. 1980లలో గౌరిబిదనూరు ప్రాంతంలో నిమ్హాన్స్ వైద్యులు ఇంటింటికీ తిరిగి నరాల జబ్బులు లెక్కించారు. 2018లో విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం చింతామణిని ఆనుకున్న శ్రీనివాసపురం తాలూకా పల్లెల్లో పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. లక్ష్యం పది వేల మంది, నలభై అయిదేళ్లు దాటినవాళ్లు. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తం, ఎంఆర్ఐ, ఏళ్లతరబడి మళ్లీ మళ్లీ. జోడీగా బెంగళూరు నగరంలో మరో అధ్యయనం. పల్లె మెదడు, పట్నపు మెదడు ఎలా ముసలివవుతాయో పోల్చడం ఉద్దేశం. దీని వెనక ఉన్న విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి, బయోకెమిస్ట్రీ దారిలో మెదడు దగ్గరికి వచ్చారు. ఒబైద్ సిద్దిఖీ మొదట చదివింది వృక్షశాస్త్రం. అప్పుడు వేరే దారి లేదు కదా అనవచ్చు. నిజమే. కానీ మెదడు దగ్గరికి వేరే శాస్త్రపు పనిముట్లతో వచ్చినవాళ్లే ఇక్కడ ఈ రంగానికి పునాది వేశారన్నదీ నిజమే.

మరో అధ్యయనం దూరాన జరిగినా ఈ ప్రాంతానికి మరింత సొంతం. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చినా, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. ఆలస్యానికి కారణం భాషా, వలసా అని తేలలేదు. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. చిక్కబళ్లాపురం జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి మాట్లాడతారు. ఇలాంటి అధ్యయనానికి ఇంతకంటే అనువైన నేల ఏది?

రెండు సిలబస్‌లూ కలిసి ఓడిపోయేది ఇక్కడే. మతిమరుపు పరీక్ష పేరిట, పెన్సిలు పట్టని అవ్వను గడియారం బొమ్మ గీయమంటే తెలిసేది ఆమె మతిమరుపు కాదు, ఆమెకు బడి లేకపోవడం. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పరిశోధకులు చదువు రాని పల్లె జనానికి తగ్గట్టు పరీక్షనే తిరగరాసి 1995లో ప్రకటించారు. అలాంటి పని బాగేపల్లి తెలుగులో చేయాలంటే ఆ యాస తెలిసినవాళ్లు కావాలి. ‘అవ్వా, పొద్దున ఏమి తింటివి?’ అని అడిగి వచ్చిన జవాబు సరైనదో కాదో కోడలిని అడిగి తేల్చుకోవడం కూడా కొలతే. దానికి సైకాలజీ కావాలి, గణాంకశాస్త్రం కావాలి. న్యూరోసైన్స్ టెక్నాలజీలో రోగి భాష మర్యాదకు సంబంధించిన విషయం. సీబీజెడ్‌లో అసలు రోగే లేడు. ఇంటి భాషను శాస్త్ర సాధనంగా చూసే పాఠం రెంటిలోనూ లేదు.

ఇక తీర్పు. నాలుగేళ్లలో ఉద్యోగం అవసరమైన ఇంటి పిల్లలకు టెక్నాలజీ డిగ్రీ నిజాయితీ గల చదువు. అది ఇస్తానన్నది ఇస్తుంది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు పరిశోధకులకు లేదు. వాళ్ల డేటా మంచిచెడ్డలు ఎలక్ట్రోడ్ పెట్టిన చేతి మీదే ఆధారపడతాయి. కానీ మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్నది అసలు కోరికైతే, పేరులో న్యూరో లేని సీబీజెడ్ వైపే నా మొగ్గు. విజ్ఞాన సంస్థ, జక్కూరు కేంద్రం వంటి చోట్ల పీహెచ్‌డీ దారి తెరిచే పరీక్షలు కెమిస్ట్రీని, జన్యుశాస్త్రాన్ని, కణశాస్త్రాన్ని అడుగుతాయి. అవి మూడేళ్లూ నడిచేది సీబీజెడ్‌లోనే. షరతు ఒకటుంది. కాలేజీ ఇవ్వని గణాంకాలు, కొంత ప్రోగ్రామింగ్, ఒక్క వేసవి అయినా నిజమైన కొలత, వీటిని విద్యార్థే వెతికి తెచ్చుకోవాలి. ఆ భారాన్ని పద్ధెనిమిదేళ్ల పిల్ల మీద వేయడం న్యాయం కాదు. అది కాలేజీలు మోయవలసినది.

గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టి, భౌతికశాస్త్రంలో అమెరికాలో పీహెచ్‌డీ చేసి వచ్చిన హెచ్. నరసింహయ్య బాగేపల్లిలో నేషనల్ కాలేజీ పెట్టించారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దన్నది ఆయన జీవితమంతా చెప్పినది. ఈ తాలూకాలకు న్యూరోసైన్స్ అని బోర్డు మార్చిన కొత్త డిగ్రీ అక్కర్లేదు. ఉన్న జువాలజీ తరగతిలోకి ఒక కొలిచే పరికరం, ఒక గణాంకాల పేపరు, శ్రీనివాసపురం పల్లెలకు ఒక సెమిస్టరు ప్రాజెక్టు చేరితే చాలు. అప్పుడు బాగేపల్లి పిల్లలు మెదడు అధ్యయనాల్లో లెక్కకు వచ్చేవాళ్లుగానే కాక, లెక్క రాసేవాళ్లుగానూ ఉంటారు.