'టెక్నికల్' పోస్టు ఎవరిది?

హైదరాబాదు టెక్నాలజీ చరిత్రను రెండు ముక్కలుగా కోసి చెప్పడం మన పత్రికలకూ మన నాయకులకూ అలవాటైపోయింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు కాబట్టి అంతకు ముందున్నదంతా మొద్దునిద్ర, ఆ తర్వాతదంతా మేలుకొలుపు. ముందుదాని పేరు పబ్లిక్ సెక్టారు: గుమాస్తాలు, యూనియన్లు, కోటాలు. తర్వాతదాని పేరు ప్రైవేటు: ప్రతిభ, వేగం, ఇంగ్లిషు. ఈ కథలో రిజర్వేషన్ అనే మాట ఎప్పుడొచ్చినా మొదటి ముక్కలోనే వస్తది, అదీ వెనుకబాటుకు కారణంగా. రెండో ముక్కలో అసలు కులమే లేదంటారు. అగ్రవర్ణ మేధావులు ఈ కథ రాశారంటే అర్థం చేసుకోవచ్చు. ఇంటర్వ్యూ గదుల బయట ఫైలు పట్టుకుని కూర్చున్న మన పిల్లలు కూడా దీన్ని నమ్ముతున్నారు. అందుకే ఈ కథను విప్పి చూడాల్సి ఉంది.

ముందు ఆ మొద్దునిద్ర సంగతి. ఈసీఐఎల్ 1967లో పుట్టింది. మన దేశంలో సొంతంగా కంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థల్లో అదొకటి. 1970లో భారత్ డైనమిక్స్, ఆ వెనకే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1973లో మిధాని వచ్చాయి. అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇటు కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనశాలలు. ఈ నగరంలో ఇంజనీరు అనే మనిషి తయారైంది ఈ గేట్ల లోపల, ప్రజల డబ్బుతో. తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేరు కంపెనీలు ఎడారిలో మొలవలేదు. మనుషులు, కాలేజీలు, టౌన్‌షిప్పులు, చివరకు కరెంటూ రోడ్లూ సిద్ధంగా ఉన్న చోటికి వచ్చాయి.

అయితే పబ్లిక్ సెక్టారు మనకేదో స్వర్ణయుగమని పాడుకోవడం కూడా తప్పే. మన సంఘాలు చాలాకాలంగా అదే చేస్తున్నయి. అక్కడ మనవాళ్లకు ఎక్కడిదాకా తలుపు తెరిచారు, ఏ మెట్టు దగ్గర మూశారు అనేది ఎవరూ గట్టిగా అడగలేదు. 1975లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. పరిశోధన చేసే, చేయించే సైంటిఫిక్, టెక్నికల్ పోస్టుల్లో క్లాస్ వన్ తొలి మెట్టుకు పైన ఉన్నవాటికి ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని దాని సారాంశం. తొలి మెట్టు ఎక్కొచ్చు, పైమెట్టు అడగొద్దు.

1992 నవంబరు 16న మండల్ కేసు తీర్పు వచ్చింది. 27 శాతం నిలబడిందని మనం సంబరపడ్డాం, పడాల్సిందే. ప్రధాన తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కానీ ఆ తీర్పులోనే, కొన్ని పోస్టులకు రిజర్వేషన్ తగదేమోనని ఒక జాబితా ఉంది. పరిశోధన సంస్థల్లోని టెక్నికల్ పోస్టులు, అణుశక్తికీ అంతరిక్షానికీ సంబంధించినవి, రక్షణ సామగ్రి తయారుచేసే సంస్థల్లోని టెక్నికల్ పోస్టులు, ఆచార్యుల పోస్టులు, వైద్యంలోనూ ఇంజనీరింగులోనూ సూపర్ స్పెషాలిటీలు, విమానం నడిపే పైలట్లు. ఏవి మినహాయించాలో ప్రభుత్వమే ఆలోచించుకోవాలని కోర్టు వదిలేసింది. ఈ జాబితాను హైదరాబాదు పటం మీద పెట్టి చూడండి. అణుశక్తి అంటే ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ. రక్షణ సామగ్రి అంటే బీడీఎల్, మిధాని. పరిశోధన అంటే కంచన్‌బాగ్ అంతా. ఈ నగరంలో పబ్లిక్ సెక్టారు టెక్నాలజీ అని దేన్ని అంటున్నామో దాదాపు అదంతా ఆ అనుమానపు గీత లోపలే ఉంది.

'టెక్నికల్' అంటే ఏమిటి? స్పానరు పట్టుకున్న ఫిట్టరు పని టెక్నికల్ కాదా? తోలు పదును పెట్టడం, ఏ కాయతో ఎన్నిరోజులు నానబెట్టాలో తెలిసుండడం టెక్నాలజీ కాదా? ఈ మాట మనిషి చేసే పనిని బట్టి రాలేదు. చేతిపనికీ తలపనికీ నడుమ పాత సమాజం గీసిన గీతే సర్క్యులర్ భాషలోకి వచ్చింది. గర్భగుడి దగ్గర మడి అన్నారు, లేబొరేటరీ దగ్గర టెక్నికల్ అంటున్నారు. ప్రైవేటు కంపెనీ ఈ గీతను కొత్తగా కనిపెట్టలేదు. పబ్లిక్ సెక్టారులో పైమెట్ల దగ్గర ఉన్నదాన్ని తెచ్చి గేటు దగ్గరే గీసింది, అంతే తేడా.

సీఎంసీ కథ దీనికి మంచి ఉదాహరణ. ఐబీఎం దేశం వదిలిపోయినప్పుడు దాని మెషీన్ల బాగోగులు చూసింది ఈ ప్రభుత్వ సంస్థ. హైదరాబాదులో దానికి పెద్ద కేంద్రమే ఉండేది. 1980లలో రైల్వే టికెట్ల కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థను తయారుచేసింది ఈ సంస్థే. 2001లో దానిలో 51 శాతం వాటా టాటాలకు అమ్మారు, 2015లో అది టీసీఎస్‌లో కలిసిపోయింది. దేశానికి రైలు రిజర్వేషన్ నేర్పిన సంస్థలో మన రిజర్వేషన్ ఒక్క సంతకంతో పోయింది. వాటాలు అమ్మిన రోజున పత్రికలు ఎంత ధర పలికిందో రాశాయి. ఎన్ని రోస్టర్ పాయింట్లు పోయాయో రాసిన పత్రిక నాకు కనబడలేదు.

ఇప్పుడు మాదాపూర్ గేటు దగ్గరికి వద్దాం. పబ్లిక్ సెక్టారు గేటుకు ఎంత లోపమున్నా ఒక నోటిఫికేషన్ ఉంటది, ఒక రాతపరీక్ష, ఒక లిస్టు. లిస్టులో పేరు లేకపోతే కోర్టుకు పోవచ్చు. ప్రైవేటు గేటుకు అవేవీ లేవు, రిఫరెన్స్ ఉంది. లోపల పనిచేసే ఉద్యోగి తనకు తెలిసినవాడి రెజ్యూమే లోపలికి పంపుతాడు, చేరితే అతనికి బోనస్ కూడా ఇస్తారు. ఎవరికి ఎవరు తెలుస్తారు? ఒకే ఊరి కామందులు, ఒకే కార్పొరేట్ కాలేజీ, ఒకే కులసంఘం హాస్టలు. దీన్ని వాళ్లు నెట్‌వర్క్ అంటారు, మనం చేస్తే కులపిచ్చి. జిల్లాల నుంచి వచ్చిన మన పిల్లలకు తెలిసింది అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ బోర్డులు చూసి, జావానో టెస్టింగో నేర్చుకుని, ఒక గదిలో ఆరుగురు పడుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో వచ్చిన డిగ్రీకి రెండోసారి సొంత డబ్బు కట్టి పదును పెట్టుకుంటారు. స్కాలర్‌షిప్ కాలేజీ గేటు దాకా తెచ్చింది. ఆ పై గేటుకు స్కాలర్‌షిప్ లేదు.

ఇది మన ఊహ అని కొట్టిపారేసేవాళ్లకు రెండు అధ్యయనాలు చూపించొచ్చు. రెండూ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చినవే. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ ఇంగ్లిషు పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువులతో, పేర్లు మాత్రం మార్చి 4,808 దరఖాస్తులు పంపించారు. దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ, మూడింట ఒక వంతు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మాకు కులంతో పనిలేదు, మెరిటే ముఖ్యం అన్న నోళ్లే ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ తప్పకుండా అడుగుతామన్నాయి. మన దగ్గర దానికి తెలుగు ఎట్లుంటదో అందరికీ ఎరుకే: ఇంటిపేరేంటి, ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తుంటారు? మూడో ప్రశ్నకు 'కూలి' అని చెప్పి, నాలుగో ప్రశ్నకు మంచి ఇంగ్లిషులో జవాబు చెప్పడం ఎంత కష్టమో అడిగేవాడికి తెలియదు. నేను కూడా ఒక కంపెనీలో ఆ గదిలో కూర్చున్నాను. ఫలితం తర్వాత చెప్తామన్నారు, చెప్పలేదు. ఇంటికొస్తే మా అమ్మ జీతం ఎంతని అడగలేదు, "పర్మినెంటేనా బిడ్డా?" అంది. మా ఇంట్లో యూనివర్సిటీ గేటు చూసిన మొదటి మనిషిని నేనే గానీ, ఉద్యోగం అంటే ఏమిటో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

మన సినిమా కూడా ఈ విషయంలో కళ్లు మూసుకుంది. 2021లో శేఖర్ కమ్ముల తీసిన 'లవ్ స్టోరీ'ని తీసుకుందాం. కథానాయకుడు దళితుడని దాచకుండా చెప్పిన తెలుగు సినిమాలు ఎన్నో లేవు, ఆ మేరకు దాన్ని మెచ్చుకోవాలి. అతను హైదరాబాదులో జుంబా సెంటర్ నడుపుతుంటాడు. పటేళ్లింటి అమ్మాయి బీటెక్ చదివి సాఫ్ట్‌వేరు ఉద్యోగం కోసం వచ్చి, దొరకక, అతని దగ్గర చేరుతుంది. ఈ అమరికను గమనించండి. కులం ఉండేది ఆర్మూరులో, ఇంటి గడప దగ్గర. హైదరాబాదులో ఆఫీసు గది దగ్గరికొచ్చేసరికి అది మాయం, అక్కడ ఉద్యోగం రాకపోతే అది వ్యక్తి లోపం మాత్రమే. ఇక ఉద్యోగం రాక అవస్థపడే పాత్ర అగ్రకులపు అమ్మాయికి దక్కింది. దళిత కథానాయకుడు ఆ గేటు వైపు చూడడు కూడా. పల్లెలో కులాన్ని చూపించడానికి ధైర్యం చేసిన దర్శకుడికే గాజు భవనంలో అది కనబడలేదంటే, ఆ భవనాలు తమ గురించి తాము చెప్పుకునే కథ ఎంత బలంగా నాటుకుందో అర్థమవుతుంది.

నిజానికి ఆ భవనాల్లో మనవాళ్లు లేరనడం తప్పు. పొద్దున ఆరింటికి వెళ్తే కనబడతారు, చీపుర్లు పట్టుకుని, ఏజెన్సీ యూనిఫారంలో. సెక్యూరిటీ, క్యాంటీన్, హౌస్ కీపింగ్ అంతా కాంట్రాక్టే. పబ్లిక్ సెక్టారులో ఒకప్పుడు క్లాస్ ఫోర్ పర్మినెంటు ఉద్యోగాలుగా ఉన్నవి కూడా ఇప్పుడు ఇట్లాగే అయిపోయాయి. ఇదేమంత చిన్న నష్టం కాదు. ఈరోజు మాదాపూర్‌లో బ్యాడ్జీ వేసుకున్న దళిత ఇంజనీర్లలో నాకు తెలిసిన చాలామంది, హెల్పరుగా చేరిన తండ్రికి క్వార్టరు దొరికి, టౌన్‌షిప్ పక్కన కేంద్రీయ విద్యాలయంలో చదివిన పిల్లలే. ఆ హెల్పరు పోస్టును కాంట్రాక్టుకు ఇచ్చినప్పుడు పోయింది ఒక తరం కాదు, రెండు తరాలు.

మరి ప్రైవేటు ఆస్తిలో మన వాటా అడగడమేంటని అంటారు. ఆ టవర్ల కింద భూమి ఎక్కడిది? సైబర్ టవర్స్‌కు ఎల్ అండ్ టీతో పాటు భాగస్వామి ప్రభుత్వ సంస్థ అయిన ఏపీఐఐసీ. ఉమ్మడి రాష్ట్రపు ఐటీ విధానంలో, కల్పించే ఉద్యోగం ఒక్కింటికి ఇంత అని లెక్కగట్టి భూమి ధరలో రాయితీ ఇచ్చారు. అంటే ప్రభుత్వం ఉద్యోగాలను తలలు లెక్కపెట్టి మరీ డబ్బు వదులుకుంది. ఆ తలలు ఎవరివో అడగలేదు. 2006లో కేంద్రం అడిగినప్పుడు పారిశ్రామిక సంఘాలు స్వచ్ఛందంగా చేస్తామని ఒక నియమావళి రాసుకుని, చట్టాన్ని తప్పించుకున్నాయి.

ఈసీఐఎల్‌లో ఎస్సీలు ఏ గ్రేడులో ఎంతమందో తెలుసుకోవాలంటే రోస్టర్ ఉంది, లైజాన్ ఆఫీసర్ ఉన్నాడు, 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మాదాపూర్ కంపెనీని అడగడానికి ఏ దారీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఇంటింటికీ తిరిగి కులం రాసుకుంది. 2025 ఫిబ్రవరిలో బయటపెట్టిన లెక్కలో ఎస్సీలు 17.43 శాతం. మన గుడిసెకు వచ్చి లెక్క అడిగిన ప్రభుత్వం, తను రాయితీ ఇచ్చిన టవరుకు కూడా వెళ్లి అడగాలి. ఎస్సీ ఎస్టీ ఉద్యోగ సంఘాలు తమ కంపెనీ గేటు లోపలే ఆగిపోకుండా ఈ డిమాండు పెట్టాలి: భూమి, పన్ను, కరెంటు రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీ ఏటా కులాలవారీగా, గ్రేడులవారీగా ఉద్యోగుల లెక్క ప్రకటించాలి. ఆ లెక్కలో హౌస్ కీపింగ్ కాంట్రాక్టరు హాజరు పుస్తకం కూడా కలపాలి. ఇంజనీర్ల లెక్కా ఊడ్చేవాళ్ల లెక్కా ఒకే కాగితం మీద ఉండాలి.