మత్తయి 7:1 – మన ప్రసంగ వేదికలపై దాని వాడుక: ఒక విమర్శ

మత్తయి 7:1 మన సంఘములలో ఎక్కువగా ఎప్పుడు వినబడుచున్నది? కానుకల లెక్క చూపుమని ఎవరైనా అడిగినప్పుడు; కాపరి నడవడిని గూర్చి ఒక స్త్రీ పెద్దల యెదుట మొరపెట్టుకొన్నప్పుడు. ఆ వచనము చదివి, ప్రార్థన చేసి, కూటము ముగించుట మేము పలుమార్లు చూచితిమి. వాక్యభాగము ఈ వాడుకను సమర్థించదని మా అభిప్రాయము.

5వ వచనములో సహోదరుని కంటి నలుసు అలాగే ఉండనిమ్మని ప్రభువు చెప్పలేదు. తన దూలము తీసివేసికొన్నవాడు తేటగా చూచి దానిని తీయవలెను. 15వ వచనములో అబద్ధ ప్రవక్తలను గూర్చిన హెచ్చరిక గలదు. వివేచన మానుకొన్నవాడు వారినెట్లు గుర్తించును? లూకా 6:37లో ఇదే మాట ప్రక్కన నేరము మోపుటయు నిషేధింపబడినది. దేవుని పీఠముపై కూర్చుండి సహోదరునికి శిక్ష ఖాయము చేయుటయే ఇక్కడి నిషేధము.

అనువాద విషయము కొంత నిదానముగా చూడవలసియున్నది. గ్రీకు 'క్రీనో' క్రియ లూదియ మాటలలో (అపొ. కా. 16:15) తెలుగున 'యెంచు' అయినది, సీమోనుతో ప్రభువు పలికిన చోట (లూకా 7:43) 'యోచించు' అయినది. రెండును చక్కని అనువాదములే. మత్తయి 7:1లో 'తీర్పు తీర్చు' అనుటయు సరియే. దానిని లెక్క అడుగుట వరకు సాగదీసినది ప్రసంగికులే. మాకు అసంతృప్తి కలిగించునది యాకోబు 2:4. అక్కడ మూలములో ఉన్నది 'న్యాయాధిపతులు' అను నామవాచకము. తెలుగులో అది 'విమర్శించినవారు' అగుటచేత పదును పోయినది. ఉంగరము గలవానికి మంచి స్థలము, దరిద్రునికి పాదపీఠమునొద్ద చోటు – ఒక్క కఠినమైన మాట లేకుండగనే తీర్పు జరిగిపోయినది. విరాళమిచ్చినవారికి ముందు కుర్చీలు, కూలిపని ముగించుకొని వచ్చినవారికి వెనుక చాపలు వేయు మన సంఘములలో, కులము అడిగి సంబంధములు కలుపు మన పెద్దల మధ్య, ఈ తీర్పును గూర్చిన ప్రసంగము అరుదు.

పౌలు 1 కొరింథీ 4:5లో హృదయాలోచనలను ప్రభువు రాకడకు విడిచిపెట్టెను. మరుసటి అధ్యాయములోనే, బహిరంగ పాపము విషయములో, లోపటివారికి తీర్పు తీర్చు బాధ్యతను సంఘముమీద ఉంచెను. ఈ రెండింటిని కలిపివేయుట వలననే చిక్కంతయు.

1 తిమోతి 5:19 మాటేమిటని కొందరందురు. పెద్దమీది దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెను, నిజమే. నిందలనుండి కాపరికి ఆ రక్షణ అవసరమే. అయితే 20వ వచనము పాపము చేసినవారిని అందరి యెదుట గద్దింపుమనుచున్నది. పైగా ఆ సాక్షుల నియమము ద్వితీయోపదేశకాండము 19:15 నుండి వచ్చినది. అదే అధ్యాయము 18వ వచనములో, ఒక్క సాక్షి మాత్రమే నిలిచిన వ్యాజ్యెములో సహితము, న్యాయాధిపతులు బాగుగా విచారణ చేయవలెనని ఉన్నది. అట్లయినచో రహస్యముగా జరిగినదానికి సాక్షులను తెమ్మని ఆ స్త్రీని ఇంటికి పంపివేయు పెద్దలు ఏ వచనమును ఆధారము చేసికొనుచున్నారు?