ఒకే గొంతు వినిపించే సంభాషణ: కాన్‌స్టాంజెకు మోజార్ట్ లేఖలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం
సుప్రసిద్ధ సంగీతకర్త మోజార్ట్ తన భార్య కాన్‌స్టాంజెకు రాసిన ఆంతరంగిక లేఖలు లభిస్తున్నాయి. ఆమె అతనికి రాసిన లేఖలు మాత్రం మిగలలేదు. ఈ అసమానత ఆ లేఖల పఠనాన్ని, ఆమె గురించి ఏర్పడిన అభిప్రాయాలను ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: లేఖాసాహిత్యం, మోజార్ట్, కాన్‌స్టాంజె, దాంపత్యం, లేఖా పరిష్కరణ.

1. ప్రవేశిక
కవితకు పాఠకులు ఎవరైనా కావచ్చు. భార్యకు రాసిన లేఖకు ఉద్దిష్ట పాఠకురాలు ఒక్కరే. ఆమె ప్రశ్నకు జవాబుగా, ఆమె మౌనానికి కలవరంగా ఆ లేఖ రూపుదిద్దుకుంటుంది. లేఖాసాహిత్య విమర్శ మాత్రం తరచుగా రాసినవారి వ్యక్తిత్వం దగ్గరే ఆగిపోతుంది.
వోల్ఫ్‌గాంగ్ అమడేయుస్ మోజార్ట్ (1756–1791) 1782 ఆగస్టు 4న వియన్నాలో కాన్‌స్టాంజె వేబర్‌ను వివాహమాడాడు. భార్యకు అతను రాసిన లేఖల్లో ఎక్కువ భాగం 1789 నాటి ఉత్తర జర్మనీ ప్రయాణం, 1790 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణం, ఆమె చికిత్స కోసం బాడెన్‌లో ఉన్న రోజులకు చెందినవి. అంటే ఇవి ఎడబాటు లేఖలు.

2. ప్రయాణ లేఖలు
1789 ఏప్రిల్ 8న మోజార్ట్ ప్రిన్స్ లిఖ్నోవ్‌స్కీ వెంట వియన్నా నుంచి బయలుదేరి, ప్రాగ్, డ్రెస్డెన్, లైప్‌జిగ్, పోట్స్‌డామ్, బెర్లిన్ నగరాలు తిరిగి జూన్ 4న ఇల్లు చేరాడు. ఏప్రిల్ 16న డ్రెస్డెన్ నుంచి రాసిన లేఖలో భార్యకు తన విన్నపాలను అంకెలు వేసి మరీ చెప్పాడు. దిగులుపడవద్దని, ఆరోగ్యం చూసుకోమని, ఒంటరిగా నడిచి బయటికి వెళ్లవద్దని, తన ప్రేమను నమ్మమని, ఇద్దరి గౌరవాన్నీ దృష్టిలో ఉంచుకొమ్మని, చివరగా ఉత్తరాలు ఇంకా వివరంగా రాయమని కోరాడు. ఈ చివరి విన్నపం కీలకమైనది. అతను అంతగా ఎదురుచూసిన ఆ ఉత్తరాలే నేడు మనకు లేవు.
మే 23 నాటి బెర్లిన్ లేఖలో తాను రాసిన ఉత్తరాల వివరాలను పద్దు రాసినట్లు వరుసగా పేర్కొన్నాడు. తాను తిరిగి వచ్చినప్పుడు డబ్బును కాక తనను చూసి సంతోషించాలని హెచ్చరించాడు. అదే లేఖలో దేహవాంఛను ఏ సంకోచమూ లేకుండా, హాస్యంగా వ్యక్తం చేశాడు. లెక్క, లేమి, కోరిక ఒకే కాగితం మీద ఇమిడిపోవడం ఈ దాంపత్య లేఖల ప్రత్యేకత.

3. మందలింపు – నేపథ్యం
1789 ఆగస్టులో బాడెన్‌కు రాసిన లేఖలో, ఆమె పరపురుషులతో మరీ చనువుగా ఉంటోందని మోజార్ట్ మందలించాడు. కాన్‌స్టాంజెను చపలచిత్తగా చిత్రించిన జీవితచరిత్రకారులకు ఇటువంటి వాక్యాలే ఆధారమయ్యాయి. అయితే ఆమె అప్పుడు గర్భవతి, అనారోగ్యంతో ఉంది. ఆ జులైలో మిత్రుడు పుఖ్‌బెర్గ్‌ను అప్పు అడుగుతూ మోజార్ట్ రాసిన ఉత్తరాలే దీనికి సాక్ష్యం. నవంబరు 16న పుట్టిన ఆడశిశువు ఆ రోజే మరణించింది. తొమ్మిదేళ్ల దాంపత్యంలో కలిగిన ఆరుగురు సంతానంలో ఇద్దరే బతికారు.
మందలించిన ఆ లేఖలోనే, ఆమె ఒకప్పుడు తన స్వభావం గురించి తానే చెప్పుకున్న మాటను మోజార్ట్ ఆమెకు గుర్తుచేస్తాడు. ఆమె మాట మనకు అతని కలం ద్వారా, అతని వాదానికి అవసరమైన మేరకు మాత్రమే చేరింది. దీనిని ఆమె వాఙ్మూలంగా స్వీకరించడం న్యాయం కాదు.

4. చెరిపిన చేయి, దాచిన చేయి
ఈ లేఖల్లో కొన్ని పేర్లు, మాటలు తరువాతి కాలంలో కొట్టివేతకు గురయ్యాయి. కాన్‌స్టాంజె 1809లో వివాహమాడిన డేనిష్ దౌత్యవేత్త నిసెన్ ఈ పని చేసి ఉంటాడని పరిశోధకులు ఎక్కువగా భావిస్తారు. అతను రాసిన మోజార్ట్ జీవితచరిత్ర అతని మరణానంతరం 1828లో వెలువడింది. తనను మందలించిన ఉత్తరాలను కూడా భద్రపరచిన కాన్‌స్టాంజె విజ్ఞతను ఈ సందర్భంలో గుర్తించాలి.

5. చివరి లేఖలు
1791 సెప్టెంబరు 30న ‘ది మ్యాజిక్ ఫ్లూట్’ తొలి ప్రదర్శన జరిగింది. ఆ అక్టోబరులో మోజార్ట్ బాడెన్‌లోని భార్యకు కిక్కిరిసిన నాటకశాల గురించి, బిలియర్డ్స్ ఆట గురించి, కాఫీ గురించి రాశాడు. ప్రేక్షకుల కరతాళధ్వనుల కంటే వారి నిశ్శబ్ద ఆమోదమే తనకు ఎక్కువ ఆనందమిచ్చిందని తెలిపాడు. అక్టోబరు 14 నాటి లేఖ లభ్యమైన వాటిలో చివరిది. సాలియేరీ ఆ ఓపెరాను శ్రద్ధగా విని మెచ్చుకున్న సంగతి అందులో ఉంది. డిసెంబరు 5న మోజార్ట్ కన్నుమూశాడు. తన కళానుభవాన్ని ఇంత సూక్ష్మంగా చెప్పుకోవడానికి అతను ఎంచుకున్న శ్రోత కాన్‌స్టాంజె. ఆమెకు సంగీతజ్ఞానం లేదనే తీర్పును పునఃపరిశీలించడానికి ఈ ఒక్క విషయం చాలు.

6. ముగింపు
ఈ లేఖలు మోజార్ట్ ప్రేమకు సాక్ష్యాలే కాని, కాన్‌స్టాంజె శీలానికి తీర్పులు కావు. లేని ఉత్తరాన్ని ఊహించి పూరించడం విమర్శకుని పని కాదు. అది లేదని ప్రతి వాక్యం దగ్గరా గుర్తుంచుకోవడం అతని బాధ్యత. తెలుగులో కవుల, కళాకారుల ఉత్తరాలను పరిష్కరించే పరిశోధకులు కూడా లభించిన లేఖతో పాటు దాని జవాబు గతి ఏమైందో నమోదు చేయడం అవసరం.