గోడ జరపాలా, గంట మార్చాలా?

మెదక్ చర్చి చూసొచ్చినవాళ్లు 175 అడుగుల గోపురం గురించే చెబుతారు. నాకు దాని ఆవరణే గొప్ప. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించి, కరువు కాలంలో జనానికి పని చూపించి, 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ చేయించిన ఆ కట్టడంలో సుమారు 5 వేల మంది పడతారు. పండగనాడు అదీ చాలదు. అయినా ఎవరూ వెనుదిరగక్కర్లేదు, ఆవరణ ఉంది కనుక.

హైదరాబాద్ మియాపూర్‌లోని కల్వరి టెంపుల్‌ది వేరే లెక్క. 2005లో మొదలైన ఈ సంఘం తన మహా మందిరాన్ని 52 రోజుల్లో కట్టిందని ప్రసిద్ధి. అంత హాలున్నా ఆదివారం ఒక్క ఆరాధనతో సరిపోదు. ఒక విడత జనం బయటికి వస్తుంటే ఇంకో విడత లోపలికి వెళ్తారు. గజం ధర మండే నగరంలో ఇది తెలివైన పనే. కాకపోతే పొద్దుటి విడతలో పాడినవాళ్లకీ తర్వాతి విడతవాళ్లకీ ముఖపరిచయం ఉండదు. సంఘం అనే మాటకి అది లోటేనని నా పట్టుదల.

ఇచ్ఛాపురం మండలం డొంకూరులాంటి మత్స్యకార గ్రామంలో కొత్త మందిరం తలపెడితే ఈ రెంటిలో ఏది పనికొస్తుంది? ఇక్కడ జనం వేటను బట్టి పెరుగుతారు, తరుగుతారు. చెన్నై బోట్లెక్కి మగవాళ్లు వలసపోతే హాలు వెలవెలబోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంటికి చేరినవాళ్లతో అదే హాలు కిటకిటలాడుతుంది. ఆ రద్దీకి తగ్గట్టు పెద్ద హాలు కడితే మిగతా ఏడాదంతా ఊడ్చుకోవడమే పని. అందుకే చిన్న హాలు, చుట్టూ ఖాళీ జాగా: మెదక్ పద్ధతే నయం.

అలాగని మియాపూర్‌ని కొట్టిపారేయలేం. ఆదివారం పొద్దున్నే చేపల గంప నెత్తినెత్తుకుని బేరానికి పోయే ఆడవాళ్లకి సాయంత్రం ఇంకో ఆరాధన ఉండాలి. అది చోటు చాలక పెట్టేది కాదు, వాళ్ల బతుకు వేళలు చూసి పెట్టేది.

ఖాళీ జాగా మీద వెడల్పాటి రేకుల పందిరి మాత్రం వద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్నే నేలకూల్చింది, రేకులు ఓ లెక్కా? హాలుకి స్లాబు, బయట అవసరానికి వేసి విప్పుకునే షామియానా చాలు. ఇద్దరికి కుర్చీలు వేసే చోట చాప పరిస్తే ముగ్గురు కూర్చుంటారు. ముసలివాళ్లకి నాలుగు కుర్చీలు ఉంచి, మిగతా కుర్చీల డబ్బు పక్కగోడలకి వెడల్పాటి తలుపులు పెట్టించడానికి వాడాలి, బయట కూర్చున్నవాళ్లకీ ప్రసంగపీఠం కనిపించేలా.